ఏరివేతా, ఎస్‌ఎస్‌డీనా?

కంప్యూటర్ నత్తనడక పట్టిందని వెంటనే కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి మోసుకెళ్లకండి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి ఏ ప్రోగ్రాం ఎంత వాడుకుంటోందో చూపించే టాస్క్ మేనేజర్ చూడండి. దొంగ ప్రోగ్రామును ఏరేయాలా, హార్డ్ డిస్క్ తీసి వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాలా అన్నది అక్కడే తేలుతుంది.

సీపీయూ (కంప్యూటర్ మెదడు) వాడకం 90 శాతం దాటి దిగకపోతే ఏరివేతే మొదటి మందు, పైసా ఖర్చు లేదు. పేరు తెలియని ప్రాసెస్‌పై (నడుస్తున్న ప్రోగ్రాంపై) రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ నొక్కండి. విండోస్ తన సేవలు నడిపే ఎస్‌వీసీహోస్ట్ డజన్లకొద్దీ కనిపించడం మామూలే. అది విండోస్ సొంత ఫోల్డర్ సిస్టమ్32లో కాకుండా యాప్‌డేటా ఫోల్డర్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో ఉంటే మాత్రం దొంగే. ఎండ్ టాస్క్ కొట్టినా రీస్టార్ట్ కాగానే మళ్లీ తయారవుతుంది, కాబట్టి విండోస్‌లోనే ఉండే యాంటీవైరస్ డిఫెండర్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సుమారు 15 నిమిషాలు.

సీపీయూ ఖాళీగా ఉండి, పాత హార్డ్ డిస్క్ మాత్రం 100 శాతం దగ్గరే కూర్చుంటే ఏరివేతతో ఒరిగేదేమీ లేదు. 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ వేయించండి. షాపులో క్లోన్ చేస్తామంటారు, అంటే పాత డిస్క్‌ను ఉన్నదున్నట్టు కాపీ చేయడం. వద్దనండి: దొంగ ప్రాసెస్ ఏదైనా ఉంటే అదీ వెంట వచ్చేస్తుంది. విండోస్ కొత్తగానే ఎక్కించాలి.