పాత ప్రింటింగ్ మిషన్ కొనాలంటే: ఫ్లెక్సా, ఈకో సాల్వెంటా, లేటెక్సా?

చేతిలో స్టిక్కర్లు కత్తిరించే కటింగ్ ప్లాటర్ ఉంది, సైన్ బోర్డుల ఆర్డర్లు వస్తున్నాయి, ప్రింటింగ్ మాత్రం ఇంకా బయటే చేయిస్తున్నారు. ఈ దశలో ఉన్నవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: కొత్తది కొనే స్తోమత లేదు, సెకండ్ హ్యాండ్‌లో ఏది తీసుకుంటే మేలు? పాతవాటిలో ఎక్కువగా దొరికేవి మూడు రకాలు: ఘాటైన సాల్వెంట్ ఇంకుతో నడిచే పదడుగుల ఫ్లెక్స్ మిషన్, ఘాటు తక్కువ సాల్వెంట్ ఇంకుతో నడిచే ఐదారడుగుల ఈకో సాల్వెంట్, వేడితో గట్టిపడే నీళ్ల ఆధారిత ఇంకు వాడే హెచ్‌పీ లేటెక్స్. ఈ మూడింటి మధ్యే అసలు పోటీ.

చాలామంది ముందుగా వెడల్పు, స్పీడు, ఏ ఏడాది మోడల్ అన్నవే అడుగుతారు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను. రేపు హెడ్, అంటే ఇంకు చిమ్మే భాగం, పోతే ఎంత పడుతుంది? ఎవరు మారుస్తారు? ఎన్నాళ్లు పని ఆగుతుంది? పాత మిషన్‌లో బెల్టు తెగినా, బేరింగ్ అరిగినా, హెడ్ ఎక్కడుందో మిషన్‌కి చెప్పే ఎన్‌కోడర్ స్ట్రిప్ మీద ఇంకు పడినా తక్కువ ఖర్చులో బాగవుతుంది. హెడ్ పోతే మాత్రం మిషన్ కొన్న ధరలో పెద్ద భాగమే మళ్లీ పెట్టాల్సి రావచ్చు. అందుకే మూడింటినీ ఈ కోణంలోనే చూస్తాను.

ఫ్లెక్స్ మిషన్లలో ఎక్కువగా ఉండేవి కొనికా 512 రకం హెడ్లు. రంగుకి ఒకటో రెండో ఉంటాయి కాబట్టి ఒకటి పోతే ఆ ఒక్కటే మార్చుకుంటారు, మిగతావి నడుస్తూనే ఉంటాయి. మెకానిక్‌లకి కూడా బాగా అలవాటైన మిషన్. అంతవరకు బాగానే ఉంది. కానీ హెడ్ చిమ్మే ఇంకు చుక్క పెద్దది, 30 లేదా 42 పికోలీటర్లు. రోడ్డు మీది హోర్డింగ్‌కి అది చాలు. కౌంటర్ ముందు నిలబడి చదివే మెనూ బోర్డుకో, కారు డోరు మీది స్టిక్కరుకో గరుకుగా కనిపిస్తుంది. గది పెద్దది కావాలి, సాల్వెంట్ వాసన బయటికి పోయే ఏర్పాటు కావాలి. పైగా ఫ్లెక్స్ అనేది రాత్రింబవళ్లు మిషన్లు నడిపేవాళ్ల వ్యాపారం. వాళ్ల రేటుకి చిన్న షాపు కొట్టలేదు. రోజూ హోర్డింగ్ పని గ్యారంటీగా ఉంటే తప్ప దీని జోలికి వెళ్లొద్దంటాను. అప్పుడప్పుడు వచ్చే ఫ్లెక్స్ బయట కొట్టించుకోవడమే లాభం.

హెడ్ విషయంలో లేటెక్స్‌కి తిరుగులేదు. హెడ్ మనమే ఊడదీసి, కొత్తది పెట్టి, అలైన్‌మెంట్ చేసుకోవచ్చు. మెకానిక్ కోసం ఎదురుచూడక్కర్లేదు. వారం రోజులు పని లేకపోయినా పెద్ద టెన్షన్ లేదు. వాసన దాదాపు ఉండదు. ప్రింట్ ఆరిపోయి బయటికి వస్తుంది కాబట్టి వెంటనే లామినేషన్ వేయవచ్చు. పొద్దున ఆర్డర్ తీసుకుని సాయంత్రం స్టిక్కర్ అతికించి ఇచ్చేవాళ్లకి ఇది చాలా పెద్ద సౌకర్యం. అయితే ఆ ఇంకు గట్టిపడటానికి వంద డిగ్రీల దరిదాపుల్లో వేడి కావాలి. కరెంటు ఎక్కువ లాగుతుంది, పల్చటి మెటీరియల్ ముడుచుకుంటుంది. ఇంకు, హెడ్లు చిప్ ఉన్న కంపెనీవే వాడాలి. హెడ్ దగ్గర తప్పిన ఖర్చు పాత లేటెక్స్‌లో హీటర్ల దగ్గర, ఎలక్ట్రానిక్ బోర్డుల దగ్గర ఎదురవుతుంది. బేరం మొదలుపెట్టకముందే ఆ మోడల్‌కి ఇంకు, విడిభాగాలు ఇంకా అమ్ముతున్నారా అని కంపెనీ డీలర్‌ని అడగండి. అవునంటే, మీ పని వారానికి రెండు మూడు రోజులే ఉంటే, లేటెక్స్ తీసుకోండి.

రోజూ ఎంతో కొంత ప్రింటింగ్ ఉన్న షాపుకి మాత్రం నా ఓటు ఈకో సాల్వెంట్‌కే. రోలండ్, మిమాకీ, ముతో కావచ్చు, ఎప్సన్ హెడ్ పెట్టిన చైనా మిషన్ కావచ్చు. వినైల్, వన్‌వే విజన్, బ్యాక్‌లిట్, గ్లాస్ ఫిల్మ్, సన్‌బోర్డ్ మీద అతికించేవి, సైన్ షాపులో వచ్చే పనిలో ఎక్కువ భాగం ఇదే చేసేస్తుంది. లామినేషన్‌కి ముందు ఒక రోజంతా ఆరనివ్వాలి, ఆ ఇబ్బంది ఉంది. అసలు ప్రమాదం హెడ్ దగ్గర. డీఎక్స్5 హెడ్‌లో 8 వరసలు, వరసకి 180 చొప్పున 1440 నాజిళ్లు, అంటే ఇంకు వచ్చే సన్నటి రంధ్రాలు. చాలా మిషన్లలో నాలుగు రంగులూ ఈ ఒక్క హెడ్‌లోంచే వస్తాయి. పసుపు ఒక్కటి పోయినా మొత్తం హెడ్ మార్చాల్సిందే. ఎక్స్‌పీ600 ఉన్నదైతే హెడ్ చవక, ఆయుష్షు తక్కువ. ఐ3200 గట్టిది, స్పీడూ బాగుంటుంది. కాకపోతే అందులో ఈకో సాల్వెంట్‌కి వాడే ఈ1 రకమే ఉందో, నీళ్ల ఇంకు కోసం చేసిన ఏ1 తగిలించారో లేబుల్ చూసుకోవాలి.

ఏ కంపెనీది అన్నదానికన్నా ఎలా నడిచింది అన్నదే ముఖ్యం. ఐదేళ్లుగా రోజూ పని చేస్తున్న మిషన్ ఒకటి, ఆరు నెలలుగా కవరు కప్పి మూలన పెట్టిన రెండేళ్ల మిషన్ ఒకటి ఉంటే నేను మొదటిదే కొంటాను. కవరు కింద ఉన్నన్నాళ్లూ ఇంకు హెడ్‌లో, హెడ్‌కి ఇంకు అందించే డ్యాంపర్లలో, హెడ్‌ని మూసి ఉంచే క్యాప్‌లో ఎండుతూనే ఉంటుంది.

చూడటానికి వెళ్లే ముందు అమ్మేవాళ్లకి ఒక మాట చెప్పండి, నేను వచ్చేదాకా ఆన్ చేయొద్దని. వెళ్లగానే హీటర్ ప్లేటు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అప్పటికే నడిపారన్నమాట. వేస్ట్ ఇంకు బాటిల్ కూడా చూడండి. తాజా ఇంకుతో నిండుగా ఉంటే హెడ్ క్లీనింగ్ మీద క్లీనింగ్ కొట్టి, టెస్ట్ ప్రింటులో పోయిన గీతలు తెప్పించి ఉండవచ్చు. చల్లగా ఉన్న మిషన్‌ని ఆన్ చేయించి, క్లీనింగ్ లేకుండానే నాజిల్ చెక్, అంటే ఒక్కో నాజిల్ ఒక్కో చిన్న గీత గీసే టెస్ట్ ప్రింటు, తీయించండి. తర్వాత ఒక్కో రంగు వంద శాతం నింపి, రోల్ వెడల్పంతా ఒక్కో మీటరు కొట్టించండి. వెంటనే ఇంకో నాజిల్ చెక్. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పసుపు గీతలు కంటికి సరిగా ఆనవు, వాటి మీద పల్చటి నీలం ఫిల్మ్ పెడితే నల్లగా తేలి కనిపిస్తాయి.

మొదటిదాంట్లో నిండుగా ఉండి రెండోదాంట్లో గీతలు అక్కడక్కడా పోతే ఇంకు సరిగా అందట్లేదని అర్థం. డ్యాంపరో, ఫిల్టరో, ట్యూబులో గాలో అయి ఉంటుంది. అది చిన్న ఖర్చే, బేరానికి పనికొస్తుంది. రెండింటిలోనూ అవే గీతలు అదే చోట లేకపోయి, క్లీనింగ్ చేశాక కూడా రాకపోతే ఆ నాజిళ్లు పోయాయనే అనుకోండి. ఒకటి రెండయితే పాసులు పెంచి, అంటే ఒకే చోట హెడ్ ఎక్కువసార్లు తిరిగేలా పెట్టి, నెట్టుకురావచ్చు. ఒక రంగు గీతల్లో ఇంకో రంగు కలిసి వస్తే హెడ్ అడుగు తుడిపించి మళ్లీ తీయించండి. అప్పటికీ కలుస్తుంటే హెడ్ లోపల దెబ్బతిన్నట్టే. హెడ్ ధర పూర్తిగా తగ్గించి ఇస్తే తప్ప ఆ మిషన్ వద్దు. హెడ్‌కి వెళ్లే చదునైన కేబుల్ చివర టార్చి వేసి చూడటం మర్చిపోకండి. అక్కడికి ఇంకు పాకితే షార్ట్ అయి హెడ్‌తో పాటు బోర్డూ పోతుంది.

చైనా మిషన్లలో ఇంకో తిరకాసు ఉంది. వాయిదాల మీద అమ్మినప్పుడు డీలర్లు మిషన్ ఎలక్ట్రానిక్ బోర్డుకి టైమ్ లాక్ పెడతారు. అమ్మేవాళ్లు బాకీ తీర్చకపోతే, మీరు కొన్న కొన్నాళ్లకి మిషన్ పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోతుంది. లాక్ శాశ్వతంగా తీసేశారని డీలర్ నుంచే రాయించుకోండి. డిజైన్‌ని మిషన్ కొట్టేలా మార్చే రిప్ సాఫ్ట్‌వేర్ నడవడానికి కంప్యూటర్‌కి పెట్టే డాంగిల్ కూడా మిషన్‌తో పాటే చేతికి రావాలి.

యూవీ మిషన్లు ప్లాస్టిక్, గాజు, చెక్క మీద నేరుగా కొడతాయి. పాతది కొంటే ల్యాంప్ ఖర్చు కూడా కలుస్తుంది. మొదటి మిషన్‌గా అది వద్దు. నీళ్ల ఇంకు ప్లాటర్లు ఇంటి లోపలి పోస్టర్లకే.

బేరం కుదిరాక, ఊడదీసే రోజు మీ మెకానిక్‌ని దగ్గర పెట్టుకోండి. ట్యూబుల్లో ఇంకు తీసేసి, ఫ్లషింగ్ లిక్విడ్ నడిపి, హెడ్‌ని మోసే క్యారేజిని క్యాప్ మీద పెట్టి లాక్ చేశాకే బండి ఎక్కించాలి. దింపాక ఆ రోజే బిగించి ఇంకు నింపేలా మాట్లాడుకోండి. గది సిద్ధంగా లేదని వారాల తరబడి అలా వదిలేస్తే, చూసి చూసి కొన్న హెడ్ మీ దగ్గరే ఎండిపోతుంది.