కొబ్బరి బస్తాల మీద కీబోర్డు: పదకొండేళ్ళ వాడకం తరువాత ఒక సమీక్ష

మా బృందాన్ని ఆర్కెస్ట్రా అనడం కొంత సాహసమే. పాలకొల్లు చుట్టుపక్కల ఉండే ముగ్గురు ఉద్యోగస్థులం, రొయ్యల మేత కొట్టు నడిపే ఒక మిత్రుడు, కళాశాలలో పాఠాలు చెప్పే ఒక గాయని కలిసి వినాయక చవితి పందిళ్ళలోనూ, పెళ్ళి రిసెప్షన్లలోనూ, తీర్థాలలోనూ పాడుతూ ఉంటాం. దారి ఖర్చులు పోగా మిగిలింది ఒక సెట్టు గిటారు తీగలకు సరిపోతే ఆ ఏడాది లాభసాటిగా గడిచినట్టే. ఇందులో నా వంతు కీబోర్డు. 2014లో విజయవాడలో సుమారు 14,000 రూపాయలకు కొన్న 61 మెట్ల (కీల) కీబోర్డునే నేటికీ వాడుతున్నాను. కొనేముందు నేను చదివిన సమీక్షలన్నీ గదిలో, ఫ్యాను కింద కూర్చుని వాయించినవారు రాసినవే. జనరేటరు పక్కన, చేను గట్టున, చదివింపుల మైకు కింద వాయించినవాడి మాట కూడా ఒకటి ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా ధ్వనుల సంగతి. హార్మోనియం, వేణువు బాగున్నాయి. వీణలో తీగ మీటిన చప్పుడు ఉంది గాని, స్వరాన్ని వంచే చక్రం ఈ మోడల్‌కు లేకపోవడంతో గమకం పలకదు. సన్నాయి ధ్వని ఫరవాలేదు, అయితే అసలు సన్నాయి మేళం వారు పక్కనే కూర్చుని ఉన్నప్పుడు దానిని ముట్టుకోకపోవడం మర్యాద. ఒక పెళ్ళిలో నేను ముట్టుకున్నాను. డోలు వాయించే పెద్దాయన నా వైపు చూసిన చూపుకు ఆ పాటను వేణువు మీదే ముగించాను.

ఈ వాద్యంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా నవ్వులపాలు చేసినది, ముప్పై నిమిషాలపాటు ఎవరూ ముట్టుకోకపోతే దానంతట అదే ఆగిపోయే సదుపాయం. ఇంట్లో ఇది విద్యుత్తు ఆదా చేస్తుంది, పెళ్ళిలో పరువు తీస్తుంది. భీమవరం దగ్గర ఒక రిసెప్షన్‌లో మూడు పాటలు కాగానే చదివింపులు మొదలుపెట్టారు. ఎవరెవరు ఎంతెంత చదివించారో ఊరు పేరు, ఇంటి పేరు, బంధుత్వంతో సహా మైకులో వినిపించడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా నా కీబోర్డు చడీచప్పుడూ లేకుండా నిద్రపోయింది. పాట ఎత్తుకునే సమయానికి మెట్టు నొక్కితే ధ్వని లేదు. కంగారుగా మళ్ళీ వెలిగించాను గాని, వెలిగించినప్పుడు ట్రాన్స్‌పోజ్ (మెట్లన్నిటి శ్రుతినీ ఒకేసారి పైకో కిందకో జరిపే అమరిక) సున్నాకు తిరిగి వస్తుందన్న సంగతి మరిచిపోయాను. మా గాయనిది ఐదున్నర శ్రుతి, అంటే ఐదు అని పిలిచే మెట్టుకు వెంటనే పైన ఉండే మెట్టు. నేను ఐదు మీద వేళ్ళు పెట్టి, ట్రాన్స్‌పోజ్‌ను ఒక మెట్టు పైకి జరిపి వాయిస్తాను. ఆమె, గిటారు ఐదున్నరలో, నేను ఐదులో ఒక పల్లవి మొత్తం నడిపించాం. అర శ్రుతి తేడా రెండు శ్రుతుల తేడా కంటే చెవికి ఘోరంగా ఉంటుందని ఆ పూట ఊరందరికీ తెలిసింది. పెళ్ళికొడుకు మేనమామ వేదిక దగ్గరకు వచ్చి, "ఏవండీ, కరెంటు లోవోల్టేజా?" అని ఎంతో మన్ననగా అడిగారు. అవునండీ అన్నాను. మా మోడల్‌లో ఎడమవైపు చివరి మెట్టును నొక్కి పట్టుకుని స్విచ్చి వేస్తే ఈ ఆగిపోవడం రద్దవుతుందని ఆ రాత్రి ఇంటికి వచ్చి సూచనల పుస్తకంలో చదివాను. ట్రాన్స్‌పోజ్‌ను రిజిస్ట్రేషన్ మెమరీలో (మన అమరికలను గుర్తుపెట్టుకునే చోట) దాచుకోవచ్చని కూడా అందులోనే ఉంది. ఆ పుస్తకం అప్పటికి మూడేళ్ళుగా నా బీరువాలోనే ఉంది.

డెమో మీట గురించి క్లుప్తంగా చెబుతాను. దానిని తాళాల ధ్వనులు మార్చే మీటకు వేలెడు దూరంలో పెట్టారు. ఒక పెద్దాయన పెద్దకర్మ నాడు భజన కోసం వెళ్ళి, చీకట్లో తడుముకుని ఒకటి నొక్కబోయి ఒకటి నొక్కితే, పెట్టె తనకు వచ్చిన హుషారైన విదేశీ నృత్యగీతాన్ని పూర్తి శబ్దంతో ఎత్తుకుంది. దానిని ఆపేలోగా ఇద్దరు పిల్లలు గంతులు కూడా వేశారు. వారి పెద్దబ్బాయిగారు కళ్ళు తుడుచుకుంటూనే, "మా నాన్నగారికి హుషారు పాటలంటే ఇష్టమేలెండి" అన్నారు. అంత సంస్కారం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఇక బరువు. అడాప్టరు లేకుండా ఐదు కిలోల లోపే ఉంటుంది, కనుక మోటారుసైకిల్ వెనుక కూర్చున్నవాడు ఒళ్ళో పెట్టుకుని ఎంత దూరమైనా తీసుకుపోవచ్చు. దీని విలువ నాకు తెలిసివచ్చింది అంతర్వేది తీర్థంలో. భీష్మ ఏకాదశినాటి రథోత్సవానికి వచ్చిన జనం ఇంకా పలచబడని ఆ సాయంత్రం మా కార్యక్రమం. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగడం ఎందుకని నరసాపురంలో పంటు (బళ్ళను కూడా రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటాం. సఖినేటిపల్లి రేవులో అందరి బళ్ళూ ఒక్కసారిగా దిగే తోపులాటలో కీబోర్డు దిగింది గాని దాని స్టాండు పంటు మీదే ఉండిపోయింది. టెంటు హౌస్ వారి బల్లలన్నీ భోజనాల దగ్గర ఉన్నాయి. చివరకు వేదిక పక్కనే కొబ్బరికాయలు అమ్ముకుంటున్న ఒకాయన దయతలచి రెండు బస్తాలు నిలబెట్టి ఇచ్చాడు. ఎత్తు అమరింది, గట్టిగానూ ఉంది. ఎడమవైపు బస్తా మూతి విప్పి ఉందన్న సంగతి మాత్రం నేను గమనించలేదు.

రెండో పాట చరణంలో ఎడమచేతి వేళ్ళు కాస్త కిందకు వెళుతున్నట్టు అనిపించింది. మూడో పాటకు మంద్రస్థాయి పేరుకు తగ్గట్టు నిజంగానే కిందకు దిగింది. నాలుగో పాటకు పెట్టె జారకుండా మోకాలు అడ్డుపెట్టి ఒంటికాలి మీద వాయిస్తూ పక్కకు చూద్దును గదా, భక్తులు అడిగినప్పుడల్లా ఆయన ఆ బస్తాలో చెయ్యి పెట్టి ఒక్కొక్క కాయే తీసి ఇస్తున్నాడు. పాట కాగానే వంగి ఇదేమిటని అడిగాను. "ఆయ్, మీ పాట బాగుందండి మాస్టారూ, బేరమూ బాగుందండి. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాత ఆయన నన్ను దృష్టిలో పెట్టుకుని ఒక కాయ ఎడమనుంచి, ఒక కాయ కుడినుంచి తీయడం మొదలుపెట్టాడు. పెట్టె సమతూకంగా దిగుతూ వచ్చింది. పదో పాటకు నేను బాసింపట్టు వేసుకుని కూర్చుని వాయిస్తున్నాను, జనం అది సంప్రదాయ పద్ధతి అనుకున్నారు. మర్నాడు ఉదయం తిరుగు ప్రయాణంలో స్టాండు పంటు మీదే దొరికింది. పంటు నడిపే సరంగు దాని మీద తువ్వాలు ఆరేసుకున్నాడు.

విద్యుత్తు విషయంలో నా మార్కులు అడాప్టరుకు కావు, సెల్లులకు. ఈ పెట్టెకు 12 వోల్టుల అడాప్టరుతో పాటు అడుగున ఆరు సెల్లులు వేసుకునే అర ఉంది. ఆరింటికీ కలిపి 9 వోల్టులు, దానికి అవి చాలు. అడాప్టరు గుచ్చే చోటు మూడుసార్లు వదులైపోయి టంకం వేయించాను. పైగా ఇంటి కరెంటునుంచి జనరేటరుకు మార్చే ఆ రెండు సెకన్లలో అడాప్టరు మీద ఉన్న కీబోర్డు ఆగిపోతుంది, అడాప్టరు తీసేసి సెల్లుల మీద నడిపిస్తే సీరియల్ బల్బులు ఆరిపోయినా అది పాడుతూనే ఉంటుంది. మైకుసెట్టు కుర్రాడు ఇచ్చే వైరు గురించి కూడా ఒక మాట. హెడ్‌ఫోన్ రంధ్రం స్టీరియో, అతని వైరు సాధారణంగా మోనో. సరైన వైరు మన సంచిలో ఉండాలి.

అసలు బలహీనత మెట్ల అడుగున ఉంది. ఒక్కో మెట్టు కింద రెండు కార్బన్ రబ్బరు గుండీలు ఉంటాయి. వేలు నొక్కినప్పుడు అవి ఒకదాని తరువాత ఒకటి తగులుతాయి, ఆ రెంటి మధ్య వ్యవధిని బట్టి ఎంత గట్టిగా నొక్కామో పెట్టె లెక్క కడుతుంది. వాటి మధ్య మురికి చేరితే మెట్టు పలకదు, లేదా మెల్లగా నొక్కినా అరుస్తుంది. మా ప్రాంతంలో దసరా రోజుల్లో వరిచేల మధ్య పందిరి వేసి లైట్లు వెలిగిస్తే సుడిదోమ ముసురుకుంటుంది. సముద్రపు గాలి తేమ దానికి తోడు. రెండుసార్లు విప్పించి స్పిరిటుతో తుడిపించాను. పాతది కొనదలచినవారు దుకాణంలో పాటలు వాయించి మురిసిపోకుండా, 61 మెట్లనూ ఒక్కొక్కటిగా మెల్లగా నొక్కి చూడండి. అరిచే మెట్టు ఉంటే ధర తగ్గించమని అడగండి, పలకని మెట్టు ఉంటే వదిలేయండి.

నా కీబోర్డులో మధ్యస్థాయి నాలుగున్నర ఇప్పటికీ అరుస్తూనే ఉంది. "మాస్టారూ, మీ నాలుగున్నర నాకంటే ముందే పాడేస్తోందండి" అని మా గాయని నవ్వుతూ ఫిర్యాదు చేశారు. అందువల్ల ఇప్పుడు ట్రాన్స్‌పోజ్‌ను ఆ మెట్టు తగలని చోటికి జరిపి వాయిస్తున్నాను. చదివింపులు మొదలుకాగానే పది నిమిషాలకొకసారి శబ్దం తగ్గించి ఏదో ఒక మెట్టు నొక్కి వస్తున్నాను, ఆగిపోవడం రద్దు చేసే మెట్టును స్విచ్చి వేసేటప్పుడు నొక్కి పట్టుకోవడం నాకు ఇంకా సగం రోజులు గుర్తుండదు.