సెల్యులార్ జైలు: ముందు పగలు చూడండి, తర్వాత షోకి కూర్చోండి

అండమాన్ వెళ్లేవాళ్లు ఎక్కువ రోజులు హావ్‌లాక్ బీచ్‌లకే పెట్టుకుని, పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు) ఒక్క పూట విదిలిస్తారు. ఆ పూటలోనే సెల్యులార్ జైలు సౌండ్ అండ్ లైట్ షో. మేం మాత్రం మధ్యాహ్నమే లోపలికి వెళ్లాం. అలా చూడకపోతే షో సగమే అర్థమవుతుంది.

బ్రిటిష్‌వాళ్లు 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన ఈ జైలుకి అప్పట్లో ఏడు వింగ్‌లు, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వింగ్ ముందు వరండా పక్క వింగ్ వీపుని చూస్తుంది. అంటే ఖైదీకి ఇంకో ఖైదీ మొహం కనపడదు. గదిలో నిలబడి చూస్తే వెనక గోడకి అందనంత ఎత్తులో చిన్న కిటికీ, అంతే. ఖైదీ చేత రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించిన గానుగని కూడా అప్పుడే చూసేయండి.

మనుషుల్ని చూడనివ్వని జైలు కథ చెప్పడానికి శబ్దమే సరైన దారి అని చీకటి పడ్డాక అనిపించింది. ఆవరణలోని రావిచెట్టు కథ చెబుతుంది. హిందీలో ఆ గొంతు నటుడు ఓంపురిది. అంతా చీకటి చేసి ఒక్క వరండా మీద లైటు వేసి, గొలుసుల చప్పుడు వినిపించినప్పుడు మా వరసలో గుసగుసలు ఆగిపోయాయి. రంగురంగుల లైట్లు, ఉప్పొంగే సంగీతం మొదలైతే మాత్రం సినిమా చూస్తున్నట్టుంది. అక్కడ కాస్త తగ్గించాల్సింది.

నాకున్న అసలు కొరత భాష. హిందీ అంతంతమాత్రంగా వచ్చే మా అత్తయ్యకి నేను చెవిలో చెబుతూ కూర్చున్నాను, వెనకవాళ్లు విసుక్కున్నారు. అల్లూరి మన్యం పోరాటంలో పట్టుబడ్డవాళ్లని, కాకినాడ బాంబు కేసులో విప్లవకారుడు వెంకటాచారిని (ఇంటిపేరు ప్రతివాది భయంకర) ఇక్కడికే పంపారు. పైగా ఊళ్లో తెలుగువాళ్లు బోలెడంతమంది, మా ఆటో అబ్బాయిది శ్రీకాకుళం యాసే. హెడ్‌ఫోన్లలో తెలుగు ఆడియో ఇచ్చినా చాలు కదా!

బస సంగతికొస్తే, అబర్డీన్ బజార్ వైపు తీసుకోండి. గదులు ఇరుకే, పొద్దున్నే హారన్ల గోల తప్పదు, కానీ జైలుకి నడిచి వెళ్లొచ్చు. ఎయిర్‌పోర్ట్ దగ్గర మేం దిగిన ఇంకో హోటల్ శుభ్రంగా ఉంది, అయితే అక్కడ మిగిలిన డబ్బు ఆటోలకే పోయింది. మీటర్లుండవు, ఎక్కేముందే బేరం తేల్చుకోవాలి.

సోమవారం జైలు లోపల చూడటానికి సెలవు. చలికాలంలో ఐదున్నరకే చీకటి పడుతుంది కాబట్టి షో కూడా తొందరగానే మొదలవుతుంది, టైమింగ్ ముందే కనుక్కోండి. సీటు మధ్య వరసల్లో చూసుకోండి, పక్కన కూర్చుంటే ఒక వింగ్ సరిగ్గా కనపడదు. దోమల క్రీము మర్చిపోవద్దు. షో అయ్యాక జనమంతా ఒకేసారి బయటపడి ఆటోల మీద పడతారు. నడవగలిగితే దిగువకి బజారు దాకా నడిచేయండి, టిఫిన్ సెంటర్లు అక్కడే ఉన్నాయి.