జైలు పరిస్థితులపై అర్జీ: ఉచిత న్యాయ సహాయ కేంద్రంతో మా అనుభవం

రిమాండ్‌లో ఉన్న మా తమ్ముడి కోసం నల్గొండ జిల్లాలోని ఒక కోర్టు ప్రాంగణంలో నడుస్తున్న ఉచిత న్యాయ సహాయ కేంద్రానికి వెళ్లాము. బెయిలు సంగతి వేరు. కిక్కిరిసిన బ్యారక్‌లో మరుగుదొడ్డి పక్కన పడుకోవలసి రావడం, ఆస్తమా ఉన్నవాడికి ఇన్‌హేలర్ సమయానికి అందకపోవడం వంటి వాటిపై కోర్టును ఆశ్రయించవచ్చా అన్నదే మా ప్రశ్న.

ఆశ్రయించవచ్చని చెప్పడమే కాక, ఎలాగో ఓపికగా వివరించారు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం, నిర్బంధంలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలి. శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ కోల్పోడని సుప్రీంకోర్టు 1974లోనే, విశాఖపట్నం సెంట్రల్ జైలు ఖైదీలు వేసిన కేసులో స్పష్టం చేసింది. నేరం ఇంకా రుజువు కాని మా తమ్ముడి లాంటి వారికి ఆ మాట మరింత వర్తిస్తుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది అర్జీ తయారుచేసిన తీరు. "అమ్మా, జైల్లో కష్టంగా ఉందని రాస్తే సరిపోదు, ఏ రోజు మందు అందలేదు, అప్పుడు ఎవరికి చెప్పుకున్నాడు, అది చెప్పండి" అని అక్కడి పారా లీగల్ వాలంటీర్ (న్యాయ సహాయంలో తోడ్పడే స్వచ్ఛంద కార్యకర్త) మా అమ్మను అడిగి, ములాఖత్‌లో తమ్ముడు చెప్పిన ఒక్కొక్క సంగతిని తేదీల వారీగా రాసి, పాత ఆసుపత్రి చీటీల నకళ్లను జతచేశారు. న్యాయవాది జైలుకు వెళ్లి, అర్జీ మొత్తం తెలుగులో చదివి వినిపించిన తరువాతే తమ్ముడి సంతకం తీసుకున్నారు. మందుల విషయం రిమాండ్ విధించిన కోర్టులోనే వేసి, బ్యారక్ రద్దీ విషయానికి హైకోర్టులో రిట్ (హక్కుల రక్షణ కోరే పిటిషన్) వేయవలసి ఉంటుందని, దానికీ ఉచిత సహాయం దొరుకుతుందని చెప్పారు.

జైలు నుంచి వైద్య నివేదిక తెప్పించుకున్న కోర్టు, ఇన్‌హేలర్‌ను తమ్ముడి దగ్గరే ఉంచాలని ఆదేశించింది. ఇప్పుడు అది అతని దగ్గరే ఉంటోంది. రిట్ సంగతి ఇంకా తేలలేదు.

లోపం లేకపోలేదు. మధ్యలో న్యాయవాదిని మార్చినప్పుడు మాకు కబురు చేయలేదు. కొత్తవారికి కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి వచ్చింది. కూలి పని మానుకుని ఊరి నుంచి వచ్చేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు, కేంద్రం దీన్ని తప్పక సరిదిద్దుకోవాలి. అయినా ఈ అవసరం ఉన్న కుటుంబాలను నేను నిస్సంకోచంగా అక్కడికే వెళ్లమంటాను. దూరపు మండలాల వారు ముందుగా న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ములాఖత్‌లో విన్నది మాత్రం అదే రోజు కాగితం మీద పెట్టుకోండి.