నెల్లూరులో క్యాన్సర్ మందుల ఏజెంట్లతో జాగ్రత్త: బిల్లు లేకుండా ఒక్క సీసా కూడా కొనకండి

కావలి, నెల్లూరు, ఒంగోలు వైపు క్యాన్సర్ వైద్యానికి తిరుగుతున్న కుటుంబాలు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మేం మోసపోయాం. ఇంకొకరు మోసపోకూడదని రాస్తున్నా.

మా అక్కకి రొమ్ము క్యాన్సర్. పాత మందులు పనిచేయడం మానేశాక డాక్టరుగారు ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే కొత్త ఇంజెక్షన్ రాశారు. మూడు వారాలకోసారి, కిలో బరువుకి 5.4 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారట. అక్క 54 కిలోలు. అంటే డోసుకి 100 మిల్లీగ్రాముల సీసాలు మూడు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. మన ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద ఈ మందు రాదని హాస్పిటల్లో చెప్పేశారు.

ఆ రోజే స్కాన్ సెంటర్ బయట టీకొట్టు దగ్గర ఒకడు పలకరించాడు. మెడలో ఐడీ కార్డు, చంకలో ఫైళ్లు. "కొత్త మందు కదన్నా, స్కీములోకి ఎక్కించాలి. పైన మనవాళ్లున్నారు, పది రోజుల్లో శాంక్షన్" అని ఒక పేపర్ కటింగ్ చూపించాడు. ఆ వార్త నిజమే. 2024 జులై బడ్జెట్లో కేంద్రం ఈ మందుతో కలిపి మూడు క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేసింది. సుంకం ఎత్తేస్తే ధర కొంత తగ్గుతుంది, అంతే. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుందని కాదు. ఆ టెన్షన్‌లో మాకు ఆ తేడా తట్టలేదు. ఫైలు ఖర్చులంటే బావ 35 వేలు ఫోన్‌పే చేశారు.

వారం తర్వాత మళ్లీ ఫోన్. శాంక్షన్ వచ్చేలోపు డోసు తప్పకూడదు, మూడు సీసాలు తక్కువకి ఇప్పిస్తా, ఆ డబ్బు కూడా తర్వాత వెనక్కి వస్తుంది అన్నాడు. అక్క గాజులు తాకట్టు పెట్టి 1,40,000 నగదు ఇచ్చాం. బిల్లు అడిగితే బిల్లు వేస్తే ఈ ధరకి రాదన్నాడు.

థర్మోకోల్ డబ్బా తెరిచేసరికి ఐస్ ప్యాక్ పూర్తిగా కరిగిపోయి ఉంది. ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. డేకేర్‌లో సిస్టర్ సీసాని లైటు దగ్గర పెట్టి మెల్లగా తిప్పి చూసింది. అట్టపెట్టె మీద బ్యాచ్ నంబరు ఒకటి, సీసా మీద ఇంకొకటి. మూత చుట్టూ ఉండే అల్యూమినియం రేకు మీద పట్టకారుతో నొక్కినట్టు గీతలు. "సార్, ఇది నేను ఎక్కించను" అంది. ఆ అమ్మాయికి మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

2024 మార్చిలో ఢిల్లీ పోలీసులు పట్టుకున్న ముఠా ఖాళీ సీసాలు కొని, అందులో ఫంగస్ మందు నింపి క్యాన్సర్ ఇంజెక్షన్లుగా అమ్మింది. అందుకే వాడేసిన సీసా లేబుల్ మీ కళ్లముందే చింపేయమని అడగండి.

ఇంకో మాట. మందుకి అనుమతి ఇచ్చేది ఢిల్లీలోని డ్రగ్ కంట్రోలర్. అది ప్యాకేజీలో చేరితేనే ఎన్టీఆర్ వైద్య సేవ డబ్బు కడుతుంది. ఈ రెండింటి మధ్య రోగులు ఎదురుచూస్తున్నారు కాబట్టే ఇలాంటివాళ్లు బతుకుతున్నారు. ఇంగ్లండులో 2016 నుంచి, కొత్త క్యాన్సర్ మందుకి నైస్ అనే సంస్థ (ఏ మందుకి ప్రభుత్వ డబ్బు పెట్టొచ్చో తేల్చేది) ముసాయిదాలో సరేనంటే చాలు, తుది నిర్ణయం వచ్చేదాకా క్యాన్సర్ డ్రగ్స్ ఫండ్ అనే ప్రభుత్వ నిధి ఖర్చు భరిస్తోంది. మన దగ్గర కూడా అనుమతి వచ్చిన మందుని ప్యాకేజీలో చేర్చాలో లేదో తేల్చడానికి ఒక గడువు పెట్టి తీరాలి. అప్పటిదాకా ఎవరికో డబ్బిస్తే మన ఒక్కరి ఫైలు ముందుకు కదిలి మందు స్కీములో చేరదు.

ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. వాటికి ఫీజు లేదు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు, దానికీ ఏజెంటు అక్కర్లేదు. కానీ ఖర్చయిన డబ్బు వెనక్కి రావాలంటే అసలు బిల్లులు కావాలి. మా 1,40,000కి బిల్లే లేదు. కంపెనీల తరఫున ఏమైనా సాయం ఉందేమో డాక్టరుగారినే అడగండి.

సీసాలు డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఇచ్చాం, పోలీసు కంప్లయింట్ కూడా పెట్టాం. వాడి ఫోన్ స్విచాఫ్. మీలో ఎవరైనా ఇలాగే డబ్బు కట్టి ఉంటే ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, అట్టపెట్టెలు పారేయకుండా దాచి, మీరూ కంప్లయింట్ ఇవ్వండి.