మూడేళ్లుగా కె-10 మట్టి వాడుతున్నాను, నా బాధంతా తడి గురించే

టర్పెంటైన్ నూనెలో ఉండే ఆల్ఫా పైనీన్‌ని, కర్పూరం తయారీకి వాడే క్యాంఫీన్‌గా మార్చడానికి జీడిమెట్లలోని మా చిన్న ల్యాబ్‌లో మూడేళ్లుగా మాంట్‌మోరిల్లొనైట్ కె-10 వాడుతున్నాను. అది ఆమ్లం పట్టించిన మట్టి పొడి, ఈ మార్పును వేగం చేసే ఉత్ప్రేరకం. ఈ సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. తెలియాల్సింది తడి సంగతి.

మొదటి వర్షాకాలంలో డబ్బా మూత సరిగా బిగించలేదు. లేత బూడిద రంగు పొడి, ఉండ కట్టలేదు, చూడ్డానికి నిన్నటిలాగే ఉంది. 100 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు తిప్పినా జీసీలో (ఏ పదార్థం ఎంతుందో చూపే గ్యాస్ క్రొమాటోగ్రఫీ యంత్రం) పైనీన్ పీక్ తగ్గితే ఒట్టు. నాసిరకం సరుకు అంటగట్టారని సప్లయర్‌తో ఫోన్లో గొడవ కూడా పెట్టుకున్నాను. మా సార్ వచ్చి "ఓవెన్లో పెట్టావా అమ్మా?" అని ఒక్క ముక్క అడిగారు.

రాత్రంతా 120 దగ్గర ఆరబెట్టాను. పొద్దున్నే వేడి పైనీన్‌లో ఆ మట్టి మొత్తం ఒకేసారి వేసేశాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత పాలు పొంగినట్టు పొంగి కండెన్సర్ పైదాకా ఎగదన్నింది. ఫ్లాస్క్‌ని వేడిచేసే మాంటిల్ కిందికి లాగేసినా థర్మామీటర్ 155 దగ్గరే నిలబడింది, అంటే పైనీన్ తన వేడికి తానే మరుగుతోంది. అంతకుముందు మట్టిలో పనిచేసే ఆమ్లపు చోట్లన్నీ నీళ్లు ఆక్రమించుకున్నాయి, ఆరబెట్టేసరికి ఖాళీ అయ్యాయి. పైనీన్‌లో బిగుసుకుని ఉన్న నాలుగు కార్బన్ల వలయం విచ్చుకుంటే ఆ వేడంతా బయటికొస్తుంది. చివరికి మిగిలింది కిరోసిన్ కంపు కొట్టే గోధుమరంగు పాకం. ఇప్పుడు మట్టిని చల్లటి పైనీన్‌లోనే వేసి, మెల్లగా వేడి పెంచుతాను.

ఆ రోజు ఫ్లాస్క్‌లో మట్టి బదులు ఆంబర్‌లిస్ట్-15 అనే ఆమ్లపు రెజిన్ గింజలు ఉండుంటే ఆ గింజలు పనికిరాకుండా పోయేవి, వాటి హద్దు 120 డిగ్రీలే. మట్టికి ఆ బెంగ లేదు.

"యాసిడ్ కడిగే పని లేదు, వడకడితే చాలు" అని మొదట్లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పేదాన్ని. అబద్ధం కాదు గానీ, ఆ మెత్తటి పొడి ఫిల్టర్ పేపర్‌ని మూసేస్తే వడకట్టడానికే గంట పడుతుంది. మళ్లీ వాడొచ్చన్నదీ అంతే. మూడోసారికి జిగురు పట్టి నల్లబడుతుంది. ఫర్నేస్‌లో కాలిస్తే తేటపడుతుంది, పాత చురుకు మాత్రం పూర్తిగా రాదు. అన్నట్టు, డిస్టిల్ చేసేటప్పుడు కండెన్సర్‌లో గోరువెచ్చని నీళ్లు తిప్పండి. క్యాంఫీన్ 50 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, చలికాలంలో నాకు గొట్టం లోపల తెల్లగా కర్పూరం బిళ్లలా బిగుసుకుపోయింది.

నావి అర లీటరు బ్యాచ్‌లు, క్యాంఫీన్ పక్కన లిమొనీన్ అనే ఇంకో పదార్థం కలిసొచ్చినా మాకు ఇబ్బంది లేదు. కాబట్టి నాకు సరిపోయింది. టన్నుల్లో కర్పూరం చేసేవాళ్లు ఆమ్లం పట్టించిన టైటానియా (టైటానియం డయాక్సైడ్) వైపు వెళ్తారు, వాళ్ల లెక్క వేరు. ఇంకోటి, ఉత్తరాఖండ్ చీర్ పైన్ టర్పెంటైన్ నేరుగా పోసి నన్ను తిట్టుకోకండి. అందులో కెరీన్ అనే వేరే పదార్థం ఎక్కువ, దాని దారి వేరు.