ఒంటెద్దు మీద నడిచిన పల్సర్: ప్లగ్ వైర్లు మార్చిన ఆరేళ్లకు

మాది విజయవాడ సింగ్‌నగర్. బండి 2007 మోడల్ పల్సర్ 150, నాన్న కొన్నది. దాని మీదే రోజూ మంగళగిరి వెళ్లి వస్తాను, పోనూ రానూ దాదాపు 35 కిలోమీటర్లు. 2019 మే నెలలో దీనికి రెండు ప్లగ్ వైర్లూ కాయిళ్లతో సహా మార్చాను. పెట్రోలుని అంటించే స్పార్క్ ప్లగ్‌కి కరెంటు మోసేది ఈ వైరు, ఆ కరెంటుకి వోల్టేజి పెంచేది కాయిల్. అప్పట్నించి 50 వేల కిలోమీటర్లు దాటింది, మధ్యలో ఒకసారి బుడమేరు నీళ్లలో మునిగింది కూడా. ఆ వైర్లు ఎలా నిలబడ్డాయో చెబుతాను.

తంతు మొదలైంది 2018 వానాకాలంలో. వారధి మీద టాప్ గేర్‌లో వెళ్తుంటే సన్నగా మిస్ కొట్టేది. ఆగేది కాదు, అలాగని లాగేదీ కాదు. మైలేజీ 52 నుంచి 40కి పడిపోయింది. మా మెకానిక్ కార్బొరేటర్ విప్పి కడిగాడు. నెల తిరక్కుండానే మళ్లీ కడిగాడు. ఎయిర్ ఫిల్టర్ మార్చాడు. పెట్రోల్ బంకు మార్చి చూడమన్నాడు. మూడోసారి కూడా కార్బొరేటర్ మీదికే స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చేసరికి బండి తీసుకుని వచ్చేశాను.

తాడేపల్లిలో రోడ్డు వారగా షెడ్డు వేసుకున్న ఒక పెద్దాయన దగ్గర అసలు సంగతి బయటపడింది. ఇంజిన్ ఆపించాడు. ఒక పక్క ప్లగ్ మీద ఉండే వైరు తొడుగు, అదే క్యాప్, లాగి, దానికి వేరే ప్లగ్ గుచ్చి, ఆ ప్లగ్‌ని ఇంజిన్ ఇనుముకి ఆనించి కిక్ కొట్టమన్నాడు. బండి ఎప్పటిలాగే స్టార్టయింది, ఆనించిన ప్లగ్‌లో మాత్రం నిప్పు లేదు. ఆపి, రెండో పక్క అలాగే చేయమన్నాడు. పది కిక్కులు కొట్టాను. ఆనించిన ప్లగ్‌లో నీలంగా నిప్పు పడుతోంది గానీ ఇంజిన్ ఉలకదు, పలకదు.

"ఎన్నాళ్లుగా ఒంటెద్దు మీద తోలుతున్నావు అబ్బాయ్?" అన్నాడు.

ఈ బండిలో ఉన్న చిక్కే అది. 2003లో పల్సర్‌కి డీటీఎస్-ఐ అనే ఇంజిన్ వచ్చింది, అందులో ఒక్క సిలిండర్‌కే రెండు ప్లగ్‌లు. మామూలు బండికి వైరు పోతే రోడ్డు మీద నిలబెట్టేస్తుంది, మనకి తెలిసిపోతుంది. ఇందులో ఒకటి చచ్చినా రెండోది మోసేస్తుంది. రెండు వైపుల నుంచి అంటుకోవాల్సిన పెట్రోలు ఒక వైపు నుంచే అంటుకుని నెమ్మదిగా కాలుతుంది. పికప్ తగ్గుతుంది, మైలేజీ పడుతుంది, మనం కార్బొరేటర్‌ని తిట్టుకుంటాం.

ఒక మాట. కొందరు ఇంజిన్ తిరుగుతుండగానే క్యాప్ లాగి చూస్తారు. ఆ వైరులో 10 వేల వోల్టులకు పైనే ఉంటుంది. చేతికి షాకు కొట్టడం ఒకెత్తు, ప్లగ్‌లకి సమయానికి నిప్పు అందించే సీడీఐ అనే ఎలక్ట్రానిక్ పెట్టె కాలితే జేబుకి కొట్టే షాకు ఇంకొకెత్తు.

మొదట చవకలో పోదామని క్యాప్ మాత్రం మార్పించాను. క్యాప్ లోపల స్క్రూలాంటి మొన ఉంటుంది. వైరు చివర ఒక సెంటీమీటరు నిటారుగా కోసి, క్యాప్‌ని మర తిప్పినట్టు తిప్పితే ఆ మొన రాగి పోగుల మధ్యకి దిగుతుంది. పాత క్యాప్‌కి మల్టీమీటరు అసలు కదల్లేదు, కొత్తది 5 వేల ఓమ్‌లు చూపించింది. రెండు నెలలు బండి గుర్రంలా పరిగెత్తింది. తర్వాత మళ్లీ అదే మిస్. రాత్రిపూట లైట్లు ఆర్పి, వైరు మీద స్ప్రేతో కాసిని నీళ్లు చల్లి చూస్తే, ఇంజిన్ హెడ్ దగ్గర వంపు తిరిగే చోట చిటపటమని నీలం మెరుపులు. పన్నెండేళ్లు ఇంజిన్ వేడికి ఉడికిన రబ్బరు, పగుళ్లు రావా మరి! టేపు చుట్టాను. బెజవాడ ఎండకి ఆ టేపు జిగురు కారి వైరంతా బంకబంక అయింది.

ఈ మోడల్‌కి వైరు కాయిల్‌లోనే కలిపి పోతపోసి ఉంటుంది, విడిగా రాదు. మధ్యలో కోసి అతుకు వేస్తామన్నవాళ్లూ ఉన్నారు. వద్దన్నాను, వాన పడితే కరెంటు దూకేది ఆ అతుకులోంచే. ఒక షాపులో డూప్లికేట్ కాయిల్ సగం ధరకే ఇస్తామన్నారు. వైరు వేలితో వంచి చూస్తే ప్లాస్టిక్ పుల్లలా ఉంది. కంపెనీ కాయిళ్లే రెండూ కొన్నాను, క్యాప్‌లతో కలిపి వెయ్యిలోపే అయింది. పాడైంది ఒకటే కదా అని రెండోది వదల్లేదు, దాని వయసూ అంతే. సీటు, ట్యాంకు తీసి బిగించడానికి గంట పట్టింది. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఏ వైరు ఎటు వెళ్లిందో వెతుక్కునే పని ఉండదు. మైలేజీ తిరిగి 50కి వచ్చింది.

అయిదేళ్లు వాటిని ముట్టుకోలేదు. 2024 సెప్టెంబరు వరదల్లో బండి హ్యాండిల్ దాకా మునిగి రోజుల తరబడి అలాగే ఉంది. వరద తీశాక కిక్ కొట్టకుండా ముందు ప్లగ్‌లు విప్పి లోపలి నీళ్లు బయటికి పోనిచ్చాం. ఇంజిన్ ఆయిల్ పాలు ఎక్కువైన టీలా వచ్చింది, రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. క్యాప్‌లు తిప్పి తీస్తే లోపల ఇత్తడి మీద పచ్చగా చిలుం. వైరు చివర సెంటీమీటరు కోసేసరికి మాత్రం లోపల రాగి ఎర్రగా మెరుస్తోంది, రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది. కొత్త క్యాప్‌లు బిగిస్తే సరిపోయింది.

ఇబ్బంది లేదనను. అలా కోయడంతో ఒక పక్క వైరు పొట్టిదై హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు కేబుళ్ల కట్టకి రాసుకుంటోంది, ప్లాస్టిక్ ట్యాగ్ వేసి పక్కకి లాగి కట్టాను. ఇంకోసారి కోయాల్సి వస్తే కాయిలే మార్చాలి. ఒక ప్లగ్ లోతుగా గుంతలో ఉంటుంది, వాన నీళ్లూ ఇసుకా అందులోనే చేరతాయి. అది విప్పేముందు పంక్చర్ షాపులో గాలి కొట్టిస్తాను, లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్లోకే దిగుతుంది. తొలకరికి ముందోసారి, దీపావళికోసారి పెద్దాయన చూపించినట్టే ఒక్కో పక్కా విప్పి కిక్ కొట్టి చూసుకుంటున్నాను. మొన్న జూన్‌లో చూశాను, రెండెద్దులూ లాగుతున్నాయి.